నిప్పురవ్వ ఎక్కడ ఆగింది?

తాళం తిప్పారు. గిర్ర్... గిర్ర్... గిర్ర్... సెల్ఫ్ బ్రహ్మాండంగా తిరుగుతోంది. ఇంజను మాత్రం అంటుకోవడం లేదు. మళ్లీ తిప్పారు. మళ్లీ అదే పాట. మూడోసారి తిప్పి, తాళం వదిలేసి, స్టీరింగు మీద చేతులు పెట్టుకుని అలాగే కూర్చుండిపోయారు మాస్టారు.

పక్క సీట్లో ఆయన భార్య ఒళ్లో సంచి పెట్టుకుని ఎదురుచూస్తోంది. సంచిలో ఎక్స్‌రే కవరు, మంచినీళ్ల సీసా, దారిలో తినడానికి రెండు అరటిపళ్లు. మోకాళ్ల డాక్టరు దగ్గరికి విజయవాడ వెళ్లాలి. తిరువూరు నుంచి సుమారు 75 కిలోమీటర్లు. బస్సులో వెళ్దామంటే ఆ మొదటి మెట్టు ఎక్కడానికే ఆమె మోకాలు ఒప్పుకోదు. ఆటోలో అంత దూరం కుదుపులు తట్టుకోలేదు. ఎవరి కారైనా మాట్లాడుకుందామంటే, వెళ్లి రావడానికి, అక్కడ డాక్టరు పిలిచేదాకా ఆగడానికి వాళ్లడిగేది వినగానే ఆమే వద్దంటుంది.

"దిగనా ఏవండీ?" అందామె.

"దిగు" అన్నారు మాస్టారు, ఆమె వైపు చూడకుండా.

అలా ఆ నెలలో డాక్టరు చూపు రెండోసారి తప్పిపోయింది.

విజయవాడ నుంచి మైలవరం మీదుగా కొత్తగూడెం, భద్రాచలం వైపు సాగే 30వ నంబరు జాతీయ రహదారి మీద, తెలంగాణ సరిహద్దును ఆనుకుని ఉన్న ఊరు తిరువూరు. కృష్ణా జిల్లాలో ఉండే ఈ ఊరు 2022 ఏప్రిల్‌లో ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చింది. చుట్టూ మామిడి తోటలు. రోడ్డు మీద రాత్రింబవళ్లు లారీలు. మాస్టారు ఈ చుట్టుపక్కల ఉన్నత పాఠశాలల్లోనే ముప్పై ఏళ్లు భౌతికశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. 1999లో పీఎఫ్ లోను పెట్టి కొన్న తెల్ల మారుతి 800 ఆయన ఉద్యోగ జీవితంలో చేసిన ఒకే ఒక్క విలాసం. కూతురిని కాలేజీ హాస్టల్లో దింపింది ఆ కారులోనే. కొడుకును మొదటి ఉద్యోగానికి రైలెక్కించింది ఆ కారులోనే. మనవరాలిని ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిందీ అదే.

ఇప్పుడది పందిరి కింద నిలబడి మూడు వారాలు.

మన ఊళ్లలో చిన్న కారు

ఈ కారు గురించి రెండు మాటలు చెప్పుకోవాలి. 1983 డిసెంబరు 14న మొదటి మారుతి 800 తాళాలను అప్పటి ప్రధాని ఇందిరాగాంధీ స్వయంగా కొనుగోలుదారు చేతికి అందించారు. అప్పటిదాకా కారంటే అంబాసిడర్, లేదంటే ఫియట్. అవి డాక్టర్లకీ మిల్లు యజమానులకీ చెందిన సంగతి. 796 సీసీ, మూడు సిలిండర్ల ఈ బుల్లి బండి వచ్చాక కారు అనే మాట గుమాస్తా ఇంట్లో, బడిపంతులు ఇంట్లో కూడా వినిపించడం మొదలైంది. ఒక్కటి కొంటే వీధంతా వచ్చి చూసేది. కొబ్బరికాయ కొట్టి, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కించేవారు.

కాలం మారింది. కొత్త కాలుష్య నిబంధనలు వచ్చి 2010 ఏప్రిల్ నుంచి హైదరాబాద్ సహా 13 నగరాల్లో దాని అమ్మకం ఆగింది. 2014 జనవరిలో తయారీయే ఆగిపోయింది. అయినా తిరువూరు లాంటి ఊళ్లలో అది ఇంకా కనిపిస్తూనే ఉంటుంది. ఎందుకంటే దాన్ని బాగుచేయడానికి పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. పానాలు, స్క్రూడ్రైవరు, కాస్త ఓపిక ఉంటే చాలు.

ఆ మూడోదే ఈమధ్య తగ్గిపోయింది.

మూడు వారాల్లో మాస్టారి కారుకు ఏమేం మార్చారో చూడండి. మొదట కొత్త ప్లగ్గులు, మూడు. "బ్యాటరీ వీకండీ" అన్నారు, కొత్త బ్యాటరీ వచ్చింది. సెల్ఫ్ ఇంకా జోరుగా తిరిగింది, అంతే. "కాయిల్ పోయిందండీ" అన్నారు, కొత్త కాయిల్ వచ్చింది. ఆ కాయిల్ సలహా మరెవరిదో కాదు, స్వయంగా మాస్టారిదే! విద్యుదయస్కాంత ప్రేరణ పాఠం ముప్పై ఏళ్లు చెప్పిన మనిషి. కాయిల్ అంటే ఆయనకు తెలియనిదేముంది?

మూడూ మార్చాక కూడా కారు కదల్లేదు. హైదరాబాద్ నుంచి కొడుకు ఫోను చేశాడు.

"నాన్నా, ఇంకెంతని పోస్తారు దాని మీద? పాతికేళ్లు దాటింది. ఇచ్చేయండి. మీకు ఎప్పుడు కావాలంటే అప్పుడు కారు బుక్ చేస్తాను."

కొడుకు మాటలో తప్పేమీ లేదు. పదిహేనేళ్లు దాటిన కారుకు ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పునరుద్ధరించుకోవాలి. ఈ కారుకు 2014లో ఒకసారి, 2019లో ఒకసారి, 2024లో మరోసారి చేయించారు. దానికి 600 రూపాయలుండే రుసుము 2022 ఏప్రిల్ నుంచి 5 వేలైంది. ఇరవై ఏళ్లు దాటిన వాటికి 2025లో 10 వేలు చేశారు. ఇనుము కొనే మనిషి వచ్చి చూసి, ఒక ధర చెప్పి, సోమవారం బండి తెచ్చుకుంటానని వెళ్లాడు. మాస్టారు సరేనన్నారు. ఆమె ఏమీ అనలేదు. లోపలికి వెళ్లి, కారు సీటు మీద వేసే తువ్వాలు తీసుకొచ్చి ఉతికి ఆరేసింది.

ఆదివారం వచ్చిన శిష్యుడు

ఆదివారం పొద్దున్నే మాస్టారి పాత శిష్యుడొకడు వచ్చాడు. చదివేటప్పుడు చివరి బెంచీ. ఇప్పుడు హైవే పక్కన సొంత షెడ్డు పెట్టుకున్న మెకానిక్. వయసు నలభై దాటింది. నెలరోజులుగా ఊళ్లో లేడు, కూతురి కాన్పుకని వెళ్లి వచ్చాడు. కారు అమ్మేస్తున్నారని విని వచ్చాడు.

"మాస్టారూ, అమ్మేముందు ఒక్క గంట నాకివ్వండి."

"ఇవ్వడానికేముందిరా, పందిరి కిందే ఉంది. ఇంకా ఏం మారుస్తావు?"

"ఏమీ మార్చను. అడుగుతాను."

ఎవర్ని అడుగుతాడు? కారునే! ఆ అడగడంలో ఒక వరస ఉంది. పాత కారున్న ప్రతి ఇంటివారూ తెలుసుకోదగ్గ వరస అది.

మొదటి ప్రశ్న: సెల్ఫ్ సరిగ్గా తిరుగుతోందా? తిరుగుతోంది. అంటే బ్యాటరీ, సెల్ఫ్ మోటారు బాగున్నట్టే. వాటి జోలికి ఇక వెళ్లక్కర్లేదు. కొత్త బ్యాటరీ ఖర్చు దండగ అని తేలింది అక్కడే.

రెండో ప్రశ్న: లేనిది పెట్రోలా, నిప్పా? ఒక ప్లగ్గు విప్పి చూశాడు. కొస తడిగా ఉంది, గుప్పున పెట్రోలు వాసన. ఇంధనం సిలిండర్ దాకా వస్తోంది. దాన్ని అంటించేదే లేదు. ఇక కార్బురేటర్ జోలికీ వెళ్లక్కర్లేదు.

మూడో ప్రశ్న: నిజంగానే నిప్పు లేదా? చుట్టుపక్కల పెట్రోలు చుక్క లేకుండా తుడిచాడు. గేరు న్యూట్రల్‌లో ఉందని చూసుకున్నాడు. విప్పిన ప్లగ్గును దాని వైరుకే తగిలించి, ప్లగ్గు ఇనుప ఒంటిని ఇంజను లోహానికి గట్టిగా ఆనేలా పెట్టి, "తిప్పండి మాస్టారూ" అన్నాడు. సెల్ఫ్ తిరిగింది. ప్లగ్గు కొసల మధ్య నీలంగా మెరవాల్సిన చుక్క కనబడలేదు. ఆ వైరును చేత్తో పట్టుకోకూడదు. అందులో వచ్చేది వేల వోల్టుల్లో ఉంటుంది. తెలిసిన మెకానిక్ కూడా రబ్బరు పట్టున్న పటకారుతోనే పట్టుకుంటాడు.

నాలుగో ప్రశ్న: ఒక్క ప్లగ్గుకే లేదా, అన్నింటికీ లేదా? కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కు వచ్చే మధ్య వైరును ఊడదీసి, దాని కొసను లోహానికి దగ్గరగా పెట్టి చూశాడు. అక్కడా నిప్పు లేదు. అంటే ప్లగ్గులు, ప్లగ్గు వైర్లు, డిస్ట్రిబ్యూటర్ మూత, ఇవేవీ దోషులు కావు. జబ్బు వీటికంటే ముందే ఉంది.

ఐదో ప్రశ్న: డిస్ట్రిబ్యూటర్ లోపల రోటర్ తిరుగుతోందా? మూత తీసి చూశాడు. తిరుగుతోంది. ఈ ఇంజనులో డిస్ట్రిబ్యూటర్‌ను తిప్పేది క్యామ్ షాఫ్టు, దాన్ని తిప్పేది టైమింగ్ బెల్టు. బెల్టు తెగితే సెల్ఫ్ తిరుగుతుంది గానీ రోటర్ కదలదు. రోటర్ తిరుగుతోంది కాబట్టి బెల్టు క్షేమం.

"చూశారా మాస్టారూ, రూపాయి ఖర్చు లేకుండా సగం కారును వదిలేశాం" అన్నాడు శిష్యుడు.

మాస్టారు ఏమీ మాట్లాడలేదు. ఇంతదాకా తను క్లాసులో చెప్పిన పద్ధతే ఇది. తెలిసిన దాన్నుంచి తెలియని దానికి. దాన్ని తన పందిరి కింద తనే మరిచిపోయారు.

దీపం చెప్పిన సగం నిజం

ఇక మిగిలింది కాయిల్, దానికి కరెంటు ఇచ్చే దారి, ఆ కరెంటును తెంచే ఇగ్నైటర్.

కాయిల్ పని మాస్టారి మాటల్లోనే చెప్పుకుంటే తేలిగ్గా అర్థమవుతుంది. ఫారడే 1831లో కనిపెట్టిన సూత్రమే. ఒకే ఇనుప కడ్డీ చుట్టూ రెండు తీగ చుట్లు. ఒకటి లావు తీగ, తక్కువ చుట్లు. రెండోది సన్న తీగ, వేల చుట్లు. లావు తీగలో బ్యాటరీ నుంచి 12 వోల్టుల కరెంటు పారుతూ ఉండగా దాన్ని ఠక్కున తెంచితే, రెండో చుట్టలో వేల వోల్టులు పుడతాయి. అదే ప్లగ్గు దగ్గర నిప్పురవ్వగా దూకుతుంది. తెంచే పనిని వెనకటి కార్లలో ప్లాటినం పాయింట్లు చేసేవి. ఈ కారులో డిస్ట్రిబ్యూటర్‌లో ఉన్న ఎలక్ట్రానిక్ ఇగ్నైటర్ చేస్తుంది. మూడు సిలిండర్ల ఈ ఇంజను నిమిషానికి 3000 సార్లు తిరిగేటప్పుడు అలా నిమిషానికి 4500 సార్లు తెంచాలి, సెకనుకు 75 నిప్పురవ్వలు పుట్టాలి!

శిష్యుడు జేబులోంచి టెస్ట్ ల్యాంప్ తీశాడు. అదేం పెద్ద పరికరం కాదు. ఇండికేటర్‌లో వాడే 12 వోల్టుల బల్బు, రెండు వైర్లు. ఒక వైరును బాడీకి ఎర్తు చేసి, రెండోది కాయిల్ ప్లస్ మీద పెట్టాడు. తాళం ఆన్ చేయించాడు. బల్బు వెలిగింది.

"కాయిల్‌కు కరెంటు వస్తోంది. మొదట చూసినాయన కూడా ఇదే చెప్పాడు" అన్నారు మాస్టారు.

బల్బును కాయిల్ మైనస్ వైపు మార్చి సెల్ఫ్ కొట్టించాడు. ఇగ్నైటర్ పనిచేస్తుంటే అక్కడ బల్బు మిణుకు మిణుకుమనాలి. మినుకు లేదు.

శిష్యుడి మొహం వాడిపోయింది. "ఇగ్నైటర్ పోయినట్టుంది మాస్టారూ. ఇప్పుడది విడిగా దొరకడం కష్టం. డిస్ట్రిబ్యూటర్ మొత్తం మార్చాలి. ఆటోనగర్‌లో వెతకాలి. ఖర్చు..."

"వద్దులేరా. రేపు అతనొస్తాడు, తీసుకుపోతాడు" అన్నారు మాస్టారు. చేతులు తుడుచుకుంటూ లేచారు.

అప్పుడు వినిపించింది, గుమ్మంలోంచి.

"అబ్బాయ్, ఒక మాట చెప్పనా? నవ్వకూడదు మరి."

మాస్టారి భార్య. గోడ పట్టుకుని నిలబడి ఉంది. అప్పటికే చాలాసేపయినట్టుంది, కాఫీ గ్లాసులు చేతిలోనే చల్లారాయి.

"చెప్పండమ్మా."

"మూడు వారాల కిందట కూరగాయల మార్కెట్ దగ్గర ఇలాగే మొరాయించింది. నలుగురు కుర్రాళ్లు తోస్తే ఇట్టే అంటుకుంది. ఇంటిదాకా శుభ్రంగా వచ్చాం. మళ్లీ సెల్ఫ్ కొడితే అంటుకోలేదు. ఏదో పార్టు పోయిందంటున్నారు కదా, పోయినదైతే తోసినా అంటుకోకూడదు కదూ?"

శిష్యుడి చేతిలో బల్బు అలాగే ఉండిపోయింది.

"ఇంకోటి. తాళం తిప్పి పట్టుకున్నంతసేపూ ఉలకదు పలకదు. వదిలేసేటప్పుడు మాత్రం ఒక్కసారి ఖుక్కుమని దగ్గుతుంది. రోజూ వింటున్నాను. మీ మాస్టారితో చెప్పాను. నీకేం తెలుసు అన్నారు."

మాస్టారు నేల వైపు చూశారు.

"అమ్మా, ఈ ముక్క ముందే చెప్తే బాగుండేది!"

"ఎవరూ అడగందే!" అందామె.

నిజమే. శిష్యుడు కారును ఐదు ప్రశ్నలు అడిగాడు. పాతికేళ్లుగా ఆ కారులో ఎడమ సీట్లో కూర్చుని, దాని ప్రతి శబ్దం విన్న మనిషిని ఒక్క ప్రశ్నా అడగలేదు. ముందు వచ్చినవాళ్లు సరేసరి.

శిష్యుడు మళ్లీ వంగాడు. బల్బు వైరును మళ్లీ కాయిల్ ప్లస్ మీద పెట్టాడు. "మాస్టారూ, ఆన్ చేయండి." వెలిగింది. "ఇప్పుడు సెల్ఫ్ కొట్టండి. నేను చెప్పేదాకా వదలొద్దు."

గిర్ర్... గిర్ర్... గిర్ర్...

బల్బు ఆరిపోయింది!

"వదలండి."

బల్బు వెలిగింది. ఇంజను ఖుక్కుమంది.

ముగ్గురూ ఒక్క క్షణం ఏమీ అనలేదు. తర్వాత మొదట నవ్వింది ఆమే.

దొంగ దొరికాడు

జరిగిందేమిటంటే, తాళం చెవి పెట్టే చోట, దాని వెనకాల ఇగ్నిషన్ స్విచ్ ఉంటుంది. తాళం 'ఆన్' దగ్గర ఉన్నప్పుడు కాయిల్‌కు, మీటర్లకు, మిగతావాటికి కరెంటు ఇస్తుంది. ఇంకొంచెం తిప్పి 'స్టార్ట్' దగ్గర పట్టుకుంటే సెల్ఫ్‌కు ఇస్తుంది. ఆ కాసేపూ రేడియో లాంటివి ఆగిపోతాయి. బ్యాటరీ బలం సెల్ఫ్‌కు దక్కాలని అలా చేస్తారు. కానీ కాయిల్‌కు వెళ్లే కరెంటు మాత్రం 'ఆన్'లోనూ ఉండాలి, 'స్టార్ట్'లోనూ ఉండాలి. స్విచ్ లోపలి పలకలు అరిగిపోయి, 'స్టార్ట్' దగ్గర ఆ ఒక్క ముడి తగలడం మానేసింది. అంతే! సెల్ఫ్ తిరిగినంతసేపూ కాయిల్ ఆకలితో ఉంటుంది. ఇంజను తిరుగుతుంది గానీ నిప్పు పుట్టదు.

తోస్తే ఎందుకు అంటుకుంది? తోసేటప్పుడు తాళం 'ఆన్' మీదే ఉంటుంది కాబట్టి. సెల్ఫ్ చేయాల్సిన పని నలుగురు కుర్రాళ్లు చేశారు, కాయిల్‌కు కరెంటు మామూలుగానే వచ్చింది. వదలగానే దగ్గు ఎందుకొచ్చింది? తాళం 'స్టార్ట్' నుంచి 'ఆన్'కు వెనక్కి వచ్చిన ఆ లిప్తపాటులో ఇంజను ఇంకా ఊపు మీద తిరుగుతూనే ఉంటుంది. అప్పుడే కాయిల్‌కు కరెంటు తగిలి ఒక్క నిప్పురవ్వ పుడుతుంది. ఆ ఒక్క రవ్వ చప్పుడే ఆమె విన్న దగ్గు. కారు మూడు వారాలుగా తన జబ్బేమిటో చెబుతూనే ఉంది. విన్నది ఒక్కరే.

బ్యాటరీ వెలుగు చూసి 'కరెంటు ఉంది' అన్న అందరూ చెప్పింది నిజమే, కాకపోతే సగం నిజం. సెల్ఫ్ తిరగనప్పుడు ఉంది. తిరిగేటప్పుడు ఉందా అని చూడలేదు. జబ్బు వచ్చేటప్పుడు చూడకుండా, జబ్బు లేనప్పుడు నాడి పట్టుకుంటే ఏం తెలుస్తుంది?

విచిత్రమేమిటంటే, కారులో ఈ రెండు పనులకూ మూలపురుషుడు ఒక్కడే. బ్యాటరీతో నిప్పు పుట్టించే ఈ తరహా ఏర్పాటును అమెరికా ఇంజనీరు ఛార్లెస్ కెటరింగ్ రూపొందించాడు. 1910 నాటి క్యాడిలాక్ కార్లలో అది వచ్చింది. 1912 మోడల్ క్యాడిలాక్‌లో ఎలక్ట్రిక్ సెల్ఫ్ స్టార్టర్ వచ్చింది. అదీ ఆయన చలవే. అంతకుముందు కారు ముందు నిలబడి ఇనుప హ్యాండిల్ తిప్పాల్సి వచ్చేది. అది వెనక్కి తన్ని చేతులు విరిగినవాళ్లున్నారు. సెల్ఫ్‌ను, నిప్పును ఒకే తాళంతో నడపడం ఆ తర్వాత అలవాటైపోయింది. మాస్టారి కారులో ఆ రెండూ ఒకే తాళం దగ్గర పోట్లాడుకున్నాయి.

రోగం సరిగ్గా అదేనా అని తేల్చుకోవడానికి శిష్యుడు బ్యాటరీ ప్లస్ నుంచి కాయిల్ ప్లస్‌కు మధ్యలో ఫ్యూజు ఉన్న వైరొకటి నేరుగా ఇచ్చాడు. "ఇప్పుడు కొట్టండి."

గిర్ర్... బుర్ర్‌మంది!

మూడు వారాల తర్వాత సైలెన్సర్ లోంచి ఒక మబ్బు పొగ వచ్చి పందిరి కింద తులసికోట దాకా వెళ్లింది. తడిసిన ప్లగ్గులు ఆరేదాకా కాస్త తడబడి, తర్వాత గడియారంలా సర్దుకుంది. మాస్టారు ఆనందంతో తాళం తీసేశారు. ఇంజను ఆగలేదు! కంగారుపడ్డారు. శిష్యుడు నవ్వుతూ ఆ వైరు పీకాడు. అప్పుడు ఆగింది. నేరుగా వైరిస్తే తాళం మాట వినదు. అందుకే అది పరీక్షకే తప్ప, అలా వైరు కట్టుకుని రోడ్డెక్కకూడదు.

గుత్తిలో ఎనిమిది

స్విచ్ ఎందుకు అరిగింది? పాతికేళ్లు తిరిగింది, అరగదా మరి! అయితే ఇంకో కారణం కూడా ఉందన్నాడు శిష్యుడు. తాళం చెవిని చూపించాడు. కారు తాళంతో పాటు ఆ గుత్తిలో వీధి గేటు తాళం, బీరువా తాళం, తోటలో మోటారు షెడ్డు తాళం, పాత సైకిల్ తాళం, ఎప్పుడో అమ్మేసిన స్కూటరు తాళం... మొత్తం ఎనిమిది. కారు కుదిపినప్పుడల్లా ఆ బరువంతా తాళానికి వేలాడి ఊగుతుంది. ఏళ్ల తరబడి ఆ ఊపుతో లోపలి భాగాలు తొందరగా అరుగుతాయి.

"ఇదీ చెప్పాను" అందామె కాఫీ గ్లాసులు మార్చి తెస్తూ. ఈసారి ఎవరూ ఏమీ అనలేదు.

మర్నాడు ఆటోనగర్ నుంచి స్విచ్ వచ్చింది. అంతకుముందు వేసిన కొత్త కాయిల్ ఖరీదులో సగం కూడా లేదు దాని ధర. శిష్యుడు తన కూలి తను లెక్కగా తీసుకున్నాడు. మాస్టారూ లెక్కగా ఇచ్చారు. తీసేసిన పాత కాయిల్‌ను మాత్రం గుడ్డతో తుడిచి డిక్కీలో పెట్టాడు.

"దీనికేం కాలేదు మాస్టారూ. అన్యాయంగా తీసేశాం. ఉంచుకోండి, ఎప్పుడైనా పనికొస్తుంది."

సోమవారం మధ్యాహ్నం ఇనుము కొనే మనిషి బండి తెచ్చాడు. మాస్టారు గేటు దగ్గరే నిలబడి, మజ్జిగ ఇచ్చి, నాలుగు మాటలు మాట్లాడి పంపించేశారు. ఆ మనిషి వెళ్తూ పందిరి కిందకి తొంగి చూసి, "బాగానే ఉంది కదండీ బండి" అన్నాడు.

ఆ రాత్రి కొడుకు ఫోను చేశాడు. కారు బాగైందని విని కాసేపు ఆగి, "ఎవరు చూశారు నాన్నా?" అని అడిగాడు.

"మీ అమ్మ" అన్నారు మాస్టారు.

ఆ కారు ఎన్నాళ్లుంటుందో ఎవరూ చెప్పలేరు. 2029లో మళ్లీ రిజిస్ట్రేషన్ గడువు వస్తుంది. అప్పటికి మాస్టారి చూపు ఎలా ఉంటుందో, ఆమె మోకాళ్లు ఎలా ఉంటాయో. కొడుకు చెప్పినట్టు ఏదో ఒకరోజు ఇచ్చేయాల్సిందే. అయితే ఏ వస్తువునైనా, ఇక పనికిరాదని తేలాక ఇవ్వడం వేరు. ఏమైందో కనుక్కునే ఓపిక లేక ఇచ్చేయడం వేరు. ఊళ్లలో పాత కార్లు, పాత కుట్టుమిషన్లు, పాత రేడియోలు చాలా వరకు రెండో రకంగానే ఇనుము కొట్టుకు చేరుతున్నాయి. ఇప్పటి కార్లకు స్కానర్ తగిలిస్తే చాలావరకు తప్పు ఎటువైపుందో తెర మీద చెబుతుంది. ఈ పాత బండికి స్కానర్ తగిలించే చోటే లేదు. దాన్ని ఒకటి తర్వాత ఒకటి అడగాలి. ఎప్పుడు మొరాయిస్తోంది, ఎప్పుడు మొరాయించడం లేదు, ఎలాంటి చప్పుడు చేస్తోంది అని దగ్గరున్నవాళ్లనూ అడగాలి. ఇంటికొచ్చిన డాక్టరు రోగిని చూసి, పక్కనున్న మనిషిని కూడా అడుగుతాడు చూడండి, అలాగ.

గురువారం పొద్దున ఆరు గంటలకు కారు పందిరి కిందనుంచి బయటికొచ్చింది. తాళం చెవి ఇప్పుడు ఒంటరిగా, సన్నటి రింగుకు ఉంది. మిగతా ఏడూ ఆమె సంచిలో, ఎక్స్‌రే కవరు పక్కన. సీటు మీద ఉతికిన తువ్వాలు పరిచి ఉంది. ఆమె మెల్లగా కూర్చుని, ముందు నడుము, తర్వాత ఒక కాలు, తర్వాత రెండో కాలు లోపలికి తీసుకుని తలుపు వేసుకుంది.

మాస్టారు తాళం తిప్పారు. ఒక్క పట్టున అంటుకుంది. గేరు వేయబోయి ఆగారు. పక్కకు తిరిగి ఆమె మొహం వైపు చూశారు.

ఆమె కాసేపు చెవి ఒగ్గి విన్నది.

"ఊఁ, పదండి" అంది.